లాయర్లంతా ఒకే కోర్టు బార్ అసోసియేషన్‌లో కూర్చుంటారు, కొందరే ధర్నా టెంటులో కనబడతారు. ఎందుకు?

నంద్యాల_జూనియర్
మూడేళ్ళుగా ప్రాక్టీసు. చాలా రోజులుగా మనసులో నలుగుతున్న విషయం, ఇక్కడ అనుభవమున్నవాళ్ళు ఉన్నారని అడుగుతున్నా.

2023 చివర్లో, 2024 మొదట్లో ల్యాండ్ టైట్లింగ్ చట్టం మీద ఆంధ్రలో లాయర్లు కోర్టులు బహిష్కరించారు, గుర్తుంది కదా. భూమి తగాదా సివిల్ కోర్టుకు కాకుండా ప్రభుత్వం నియమించే అధికారి ముందుకు పోతుందన్నదే అసలు గొడవ. సివిల్ ప్రాక్టీసు మీద బతికేవాళ్ళకు నోటి దగ్గర కూడు లాగేసినట్టే. మా కోర్టు గేటు పక్కన టెంటు వేశారు. మా పక్క చాంబర్ సీనియర్ గారు రోజూ పదింటికల్లా అక్కడే. మైకు, నినాదాలు, ర్యాలీ అన్నిటికీ ఆయనే ముందు. మా సీనియర్ గారు మాత్రం ఒక్కరోజు కూడా టెంటు కిందికి రాలేదు. బహిష్కరణను గౌరవించి కోర్టు హాల్లోకి పోలేదు, అంతవరకే. లైబ్రరీలో కిటికీ పక్క బల్ల దగ్గర కట్టలు విప్పుకుని సాయంత్రందాకా కూర్చునేవారు.

ఇద్దరిదీ సివిల్ సైడే. ఇద్దరూ ఒక ఏడాది అటూ ఇటూగా ఎన్‌రోల్ అయ్యారు. ఇద్దరి దగ్గరకూ వచ్చేది రైతులే. తోటి జూనియర్లు "మీ సారుకు భయం" అంటే నాకు కడుపు మండేది. భయస్థుడు కాదాయన. జడ్జి గారు గొంతు పెంచితే ఈయన గొంతు తగ్గించి, అన్న మాట వెనక్కి తీసుకోకుండా వాదిస్తారు. మరి ఈ తేడా ఎక్కడిది? స్వభావమేనా?

గుంటూరు_గుమాస్తా
ముప్పై రెండేళ్ళుగా ప్లీడరు గుమాస్తాని. నలుగురు సీనియర్ల దగ్గర చేశాను. స్వభావం సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ సీనియర్ గారి ఫైళ్ళ బీరువా తెరవండి. ఏ లాయరు ధర్నాకు వస్తాడో, ఏ లాయరు రాడో అట్టల మీద నంబర్లు చూసి చెప్తాను.

లోనుకు ముందు ఆస్తి పత్రాలు చూసి ఇచ్చే బ్యాంకు లీగల్ ఒపీనియన్లు, ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున యాక్సిడెంటు కేసులు, చిట్‌ఫండ్ కంపెనీల వసూలు దావాలు. బీరువాలో సగానికి పైగా ఇవే ఉంటే ఆ లాయరు రోడ్డు మీద కనబడడు. ఆయన చేతకానివాడని కాదు. ప్యానెల్, అంటే బ్యాంకు, కంపెనీ పెట్టుకునే లాయర్ల జాబితాలో చోటు, ఒక్క సంతకంతో వస్తుంది, ఒక్క మాటా లేకుండా పోతుంది.

నేను చూసిందే చెప్తా. నా రెండో సీనియర్ గారికి ఒక బ్యాంకు శాఖనుంచి నెలకు ఇరవై దాకా ఒపీనియన్లు వచ్చేవి. లింకు డాక్యుమెంట్లు, ముప్పై ఏళ్ళ ఈసీ (ఆస్తి లావాదేవీల రికార్డు), అన్నీ నేనే వరుసలో పేర్చి ఇచ్చేవాణ్ణి. ఒకసారి ఒక ఊరేగింపులో ఆయన జెండా పట్టుకున్న ఫొటో జిల్లా ఎడిషన్‌లో పడింది. ఆ నెల పద్నాలుగు వచ్చాయి. తర్వాత నెల ఆరు. ఆ తర్వాత లేవు. ఉత్తరం లేదు, ఫోను లేదు. మేనేజరు ఎదురుపడితే నవ్వుతూ నమస్కారం పెట్టేవాడు. ఆయన కూతురి పెళ్ళి ఆ ఏడే.

అదే రోజుకు పది బెయిళ్ళు, మెయింటెనెన్సు (భరణం) కేసులు, చిన్న చిన్న తగాదాలు చూసే లాయరు ఉన్నాడనుకోండి. ఒక్క పార్టీ అలిగిపోతే ఆయనకు పోయేదేముంది? పైగా ఆ పార్టీలకు స్టేషనులో నాలుగు మాటలు గట్టిగా మాట్లాడే లాయరే కావాలి. ఆయనకు టెంటు కలిసొస్తుంది.

ఓఎస్_నంబరు_వేయండి
అన్నట్టు కోర్టులో "పార్టీ ఉన్నాడా?" అని బెంచి క్లర్కు అడిగితే, కొత్తగా వచ్చిన మా జూనియరు "ఏ పార్టీ సార్?" అన్నాడు. హాలంతా నవ్వింది. మన వృత్తిలో క్లయింటుకూ జెండాకూ ఒకటే మాట, ఈ చర్చంతా అక్కడే ఉంది.

పాలమూరు_ప్లీడరు
గుమాస్తా అన్న చెప్పింది సగం నిజం. కానీ తెలంగాణ ఉద్యమంల ఏమైంది? ప్యానెల్ లాయర్లు, క్రిమినల్ లాయర్లు, నోటరీలు అందరొచ్చిన్రు. 2011 సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైతే 42 రోజులు నడిచింది. మా బార్‌ల అప్పటిదాకా జై అని కూడా అననోళ్ళు రోడ్డు మీద వంట చేసిన్రు. బ్యాంకు మేనేజరు ఏమనుకుంటడో అన్న సోయే లేదు, ఎందుకంటే ఆ మేనేజరు కింద పనిచేసేటోళ్ళు కూడా మాతోనే ఉన్నరు. ఊరంతా కదిలినప్పుడు ఎవరి బీరువా ఎవరు చూస్తరు? బీరువా లెక్క ఊరు చల్లగ ఉన్నప్పుడే పనిచేస్తది.

ఇంకొకటి కూడ దాచకుంట చెప్పాలె. అంతకుముందు ఏడాది, 2010 సెప్టెంబర్‌ల హైకోర్టుల తెలంగాణ లాయర్లు పెద్ద ఆందోళన చేసిన్రు. అప్పటి ముఖ్య డిమాండు ఏంది? ప్రభుత్వ న్యాయవాదుల పోస్టుల్ల 42 శాతం వాటా. దాన్ని కొందరు "పోస్టుల కోసం కొట్లాట" అని చిన్నగ చేసి మాట్లాడిన్రు. నాకు అట్ల అనిపియ్యదు. ప్రాంతానికి అన్యాయం జరుగుతున్నదని ఊళ్ళె రైతుకు నీళ్ళ కాడ తెలిసింది, మాకు ఆ పోస్టుల జాబితా కాడ తెలిసింది. ఎవరి దెబ్బ వాళ్ళకు తగిలినప్పుడే రాజకీయం అర్థమైతది.

రాధ_అడ్వకేట్_ఒంగోలు
పాలమూరు అన్నా, "అందరొచ్చిన్రు" అన్నారు కదా. మీ బార్‌లో మహిళా లాయర్లు ఎంతమంది వచ్చారు, వచ్చినవాళ్ళు ఎక్కడ కూర్చున్నారు? అడుగుతున్నది నిలదీయడానికి కాదు, నిజంగా తెలుసుకోవాలని.

మా దగ్గర ఫొటో తీసేటప్పుడు మమ్మల్ని ముందుకు పిలుస్తారు, "మేడమ్ మీరు బ్యానర్ పట్టుకోండి" అని. తీర్మానం ఏం రాయాలన్నది ముందురోజు రాత్రి తొమ్మిదింటికి ఏదో లాడ్జి గదిలో తేలిపోయి ఉంటుంది. ఆ గదికి నేను వెళ్ళలేను. ఇంట్లో ఇద్దరు పిల్లలు, మంచం మీద అత్తగారు. పొద్దున్న చేతికి వచ్చిన కాగితం మీద సంతకం పెట్టడమే నా రాజకీయం. ఎవరు చురుకైనవాళ్ళు, ఎవరు కాదు అని లెక్కపెట్టేముందు మీటింగు ఎన్నింటికి పెట్టారో కూడా చూడండి.

పాలమూరు_ప్లీడరు
మేడమ్, పన్నెండు మంది ఉండేటోళ్ళు మా బార్‌ల. రోజూ వచ్చింది నలుగురు. మీరు అడిగినంక యాది చేసుకుంటున్న, ఆ నలుగురిల ఒక్కరు కూడ మైకు పట్టలే. అప్పుడు మాకు ఆ సోయి లేదు. తప్పే.

పాత_పుస్తకాలు
చరిత్రలోంచి ఒక జోడీ చెప్తాను, నంద్యాల తమ్ముడి రెండు చాంబర్ల కథ లాంటిదే.

మద్రాసు హైకోర్టులో ఒకే కాలంలో ప్రాక్టీసు చేసిన ఇద్దరు మనవాళ్ళు. ఒకరు టంగుటూరి ప్రకాశం, ఒంగోలు దగ్గరివారు. ఇంకొకరు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్, నెల్లూరు జిల్లా పుదూరువారు. ఇద్దరూ పేద ఇళ్ళనుంచి చదువుతో పైకొచ్చినవాళ్ళే. ప్రకాశం మొదట రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరు. ఆ గ్రేడుతో పై కోర్టులో నిలబడటానికి లేదు. ఇంగ్లండు వెళ్ళి బారిస్టరై 1907లో తిరిగొచ్చి మద్రాసులో బాగా సంపాదించారు. 1921లో సహాయ నిరాకరణ పిలుపుతో ఆ ప్రాక్టీసు మొత్తం వదిలేసి స్వరాజ్య పత్రిక పెట్టి, ఉన్నదంతా అందులో పోశారు. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా మద్రాసులో తుపాకీ ఎదుట గుండె చూపించింది ఆయనే.

ఆ మరుసటి ఏడాది, 1929లో, అల్లాడి వారు మద్రాసు అడ్వకేట్ జనరల్ అయ్యారు. 1944 దాకా ఆ పదవిలోనే. ఉప్పు సత్యాగ్రహం అప్పుడు ప్రకాశం జైల్లో, ఈయన ప్రభుత్వం తరఫున కోర్టులో. తర్వాత ఇద్దరూ రాజ్యాంగ సభలో సభ్యులయ్యారు. అల్లాడి వారు ఏడుగురి ముసాయిదా కమిటీలో ఒకరు.

అదే కోర్టు, అదే కాలం. బీరువాతో దీన్ని తేల్చగలరా గుమాస్తా గారూ?

గుంటూరు_గుమాస్తా
తేల్చలేను. ప్రకాశం గారికి బీరువానే అడ్డం కాలేదు, దాన్నే అమ్మేశారు. అలాంటివాళ్ళు నూటికి ఒకరు. నేను చెప్పేది మిగతా తొంభై తొమ్మిది మంది గురించి.

కోనసీమ_కుర్రాడు
పాత_పుస్తకాలు గారూ, మీరు ఆ మాట అనలేదు గానీ చదివితే అల్లాడి వారు తక్కువ అన్నట్టు వస్తోంది. టెంటులో కూర్చోనివాడు దేశానికి ఏమీ చేయలేదని ఎలా అంటాం? రాజ్యాంగం రాసే పనిలో ఆయన వాటా ఎంతో అందరికీ తెలుసు.

నాకు మనసుకు దగ్గరైన పేరు దళిత ఉద్యమ లాయరు బొజ్జా తారకం గారు. మా కందికుప్ప మనిషి. తండ్రి అప్పలస్వామి గారు ఎమ్మెల్యేగా చేసినవారు, ఇంట్లోనే ఉద్యమం. ఎమర్జెన్సీలో జైలుకు వెళ్ళారు. తర్వాత హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు. 1985 జూలై 17న కారంచేడులో దళితులను చంపారు. తారకం గారు ఆ ప్రభుత్వ పదవికి రాజీనామా చేసి బాధితుల పక్కన నిలబడ్డారు. 1991 ఆగస్టు 6 చుండూరులో దళితుల మీద దాడి తర్వాత కూడా ఆయనే. ఆ కేసు విచారణకు చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టారు, 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. 2016లో పోయేదాకా ఆయన ఆ పోరాటం వదల్లేదు.

గుమాస్తా గారి లెక్కలో సర్కారు ఫీజు తీసుకునే మనిషి నోరెత్తకూడదు. ఈయన ఆ ఫీజునే విసిరికొట్టారు. ఎందుకు? చనిపోయినవాళ్ళు ఆయనవాళ్ళు కాబట్టి. పుట్టుక ఒక్కోసారి వృత్తికన్నా గట్టిగా లాగుతుంది. మా వాడలోంచి ఒకడు నల్లకోటు వేసుకుంటే వాడు రాజకీయం చేయనన్నా కుదరదు, పొద్దున్నే ఇంటిముందు జనం ఉంటారు.

మాజీ_ఏజీపీ
అందరూ పెద్దవాళ్ళ పేర్లు చెప్తున్నారు. నేను చిన్న మనిషిని, నా సంగతి చెప్తాను. జిల్లా కోర్టులో మూడేళ్ళు ఏజీపీగా, అంటే అసిస్టెంట్ ప్రభుత్వ ప్లీడరుగా చేశాను. ఆ పోస్టు కోసం అంతకుముందు ఎనిమిదేళ్ళు ఒక పార్టీ లీగల్ సెల్‌లో పనిచేశాను. కార్యకర్తల మీద కేసులు పెడితే అర్ధరాత్రి స్టేషనుకు వెళ్ళి, రూపాయి తీసుకోకుండా ష్యూరిటీలు వెతికి బెయిళ్ళు తెచ్చాను. నామినేషన్ల రోజుల్లో అఫిడవిట్లు రాశాను. పోస్టు ఆశ లేదని అంటే అబద్ధం. కానీ పోస్టు ఒక్కదాని కోసమే అయితే ఎనిమిదేళ్ళు ఎవరూ ఆగరు. ప్రభుత్వం మారగానే రాజీనామా ఇచ్చేశాను, అది మామూలే. ఇప్పటికీ ఆ కార్యకర్తల కేసులు చూస్తూనే ఉన్నాను.

ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటి. మనం ప్రకటన ఇచ్చుకోకూడదు. బార్ కౌన్సిల్ నిబంధనల్లో 36వ రూలు. డాక్టరు బోర్డు పెట్టుకుంటాడు, కోచింగ్ సెంటరువాడు బస్సు వెనక ఫొటో వేసుకుంటాడు. మొదటి తరం లాయరు, నాన్న లాయరు కాదు, మామ జడ్జి కాదు, ఊళ్ళో ఎవరికీ తెలియదు. వాడి పేరు జనానికి తెలిసే దారి ఏది? పండగ ఫ్లెక్సీలో "ఫలానా, అడ్వకేట్, మండల ప్రధాన కార్యదర్శి". నాలుగు ఊళ్ళకు పేరు చేరుతుంది. పేరున్న సీనియర్ కొడుక్కి ఆ ఫ్లెక్సీ అక్కర్లేదు, ఫైళ్ళతో సహా చాంబర్ చేతికొస్తుంది.

సీమ_గొంతు
ఏజీపీ సారు చెప్పింది అచ్చంగా నిజం. దానికి ఊరు కూడా కలపండి. మా కర్నూలులో హైకోర్టు అంటే లాయరు కానివాడు కూడా లేచి నిలబడతాడు. 1937 శ్రీబాగ్ ఒప్పందంలో రాజధాని, హైకోర్టు రెండింట్లో ఒకటి సీమకు అని రాసుకున్నారు. 1953లో రాజధాని కర్నూలుకు వచ్చింది, 1954లో హైకోర్టు గుంటూరుకు పోయింది. 1956లో రెండూ హైదరాబాదుకే. 2019 జనవరి 1న హైకోర్టు విడిపోతే అది అమరావతికి. మాకు పొద్దున రిట్ వేయాలంటే ముందురోజు రాత్రి బస్సెక్కాల. ఆ బస్సులో నడుము పడిపోయినోడు టెంటులో కూర్చోకుండా ఎట్లుంటాడు?

అమరావతి_బస్సు
సీమ అన్నా, మీ బాధ అర్థమవుతుంది. కానీ మూడు రాజధానులు, హైకోర్టు కర్నూలుకు అన్నప్పుడు మా గుంటూరు, విజయవాడ లాయర్లూ రోడ్డెక్కారు, అది మాత్రం స్వార్థం అని మీరే రాశారు పోయినసారి ఇంకో చర్చలో. మీది న్యాయం, మాది స్వార్థమా?

సీమ_గొంతు
అప్పుడు కోపంలో అన్నా. ఇద్దరిదీ బతుకుతెరువే, ఇద్దరిదీ న్యాయమే. 2024 నవంబరులో కర్నూలులో హైకోర్టు బెంచి కోసం అసెంబ్లీ తీర్మానం చేసినాక కొంచెం మనసు తేలికైంది. కానీ తీర్మానం వేరు, బెంచి వేరు.

చర్చ_నిర్వాహకుడు
హైకోర్టు ఎక్కడ అన్నదానికి వేరే చర్చ నడుస్తోంది, అక్కడికి రండి. ఇక్కడ నంద్యాల తమ్ముడి ప్రశ్న మీదే ఉందాం.

జేసీజే_ఆశావహుడు
నాలాంటివాళ్ళ సంగతి ఎవరూ అనలేదు. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు చదువుతున్నాను. 2025 మేలో సుప్రీంకోర్టు మూడేళ్ళ ప్రాక్టీసు తప్పనిసరి అని మళ్ళీ పెట్టింది. అంటే ఈ మూడేళ్ళూ బార్‌లోనే ఉంటాను, కానీ ర్యాలీకి వెళ్ళి ఎఫ్‌ఐఆర్‌లో పేరు పడితే రేపు పోలీసు వెరిఫికేషన్‌లో అదే ముందు కనబడుతుంది. టెంటు దగ్గరికి వెళ్ళి మంచినీళ్ళ ప్యాకెట్లు ఇచ్చి వచ్చేస్తాను. ఫొటో తీస్తుంటే పక్కకు జరుగుతాను. నన్ను కూడా పిరికివాడు అంటారు.

రాధ_అడ్వకేట్_ఒంగోలు
అనరు తమ్ముడూ. రేపు నువ్వు బెంచి మీద కూర్చున్నప్పుడు పొద్దున్నుంచి నిలబడ్డ ముసలమ్మకు కుర్చీ వేయించు చాలు.

డల్లాస్_శ్రీను
లాయరును కాను, రాజనీతి శాస్త్రం చదివి తర్వాత సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చినవాణ్ణి. మాక్స్ వెబర్ 1919లో "రాజకీయం ఒక వృత్తిగా" అనే ప్రసంగంలో సరిగ్గా ఈ విషయమే మాట్లాడాడు. డాక్టరు తన పని వదిలి రాలేడు, పరిశ్రమ నడిపేవాడు రాలేడు, లాయరు రాగలడు, ఎందుకంటే ఆ పని తీరే అలాంటిది అంటాడు. వాయిదా వేయించుకోవచ్చు, ఇంకొకరికి అప్పగించవచ్చు. అందుకే చట్టసభల నిండా లాయర్లు అన్నది ఆయన వాదన.

మన దగ్గర చట్టం కూడా దీనికి తోడైంది. ప్రభుత్వ టీచరు పార్టీ సభకు వెళ్తే ఉద్యోగం మీదికొస్తుంది. లాయరుకు అలాంటి నియమావళి లేదు. ఎమ్మెల్యే, ఎంపీ అయినా ప్రాక్టీసు చేసుకోవచ్చని 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అమెరికాలో 2016లో బోనికా, చిల్టన్, సేన్ అనే పరిశోధకులు ఎన్నికల విరాళాల లెక్కల్ని లాయర్ల డైరెక్టరీతో కలిపి చూశారు. లాయర్లు మొత్తం మీద కొంచెం ఎడమవైపు (అక్కడి లిబరల్ రాజకీయం వైపు) మొగ్గారు, పేదల తరఫున వాదించే పబ్లిక్ డిఫెండర్లు ఇంకా ఎక్కువ మొగ్గారు. ఎవరి తరఫున వాదిస్తారో వాళ్ళ గాలి కొంత తగులుతుందని నా ఉద్దేశం.

పాలమూరు_ప్లీడరు
"వాయిదా వేయించుకోవచ్చు". శ్రీను తమ్మీ, ఈ మాట కాడ నాకు మనసు కలుక్కుమన్నది.

సమ్మె రోజుల్ల నా దగ్గర ఒక పిలగాడి కేసు ఉండె. మేకల దొంగతనం. పందొమ్మిదేండ్లు. జైల్ల ఉన్నడు. మామూలు రోజుల్లయితే వారంల బెయిల్ వచ్చే కేసు. మేం కోర్టుకు పోవుడు బంద్. వాళ్ళమ్మ రోజూ సద్ది కట్టుకొని కోర్టు కాడికొచ్చి వేపచెట్టు కింద కూసునేది. నేను టెంటులకెల్లి చూస్తుండేటోణ్ణి. ఒకనాడు దగ్గరికొచ్చి "సారూ, తెలంగాణ ఎప్పుడొస్తది?" అనడిగింది. నాకు సంతోషమైంది, ఉద్యమం మీద ప్రేమనుకున్న. "తొందర్లనే వస్తదమ్మా" అన్న. "వస్తే మా పోరడు ఇంటికొస్తడు గద" అన్నది.

ఆ పిలగాడు ముప్పై ఆరు రోజులు ఎక్కువున్నడు లోపల. తెలంగాణ వచ్చింది, నేను చేసిన ఉద్యమం మీద నాకు ఇప్పటికీ గర్వమే. కానీ ఆ ముప్పై ఆరు రోజులు నా లెక్కలనే ఉన్నయి. లాయర్లకు సమ్మె హక్కు లేదని 2002ల హరీశ్ ఉప్పల్ కేసుల సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పు చదివినప్పుడు కోపమొచ్చింది. ఆమె మాట విన్నంక తీర్పు ఎందుకట్ల రాసిన్రో కొంచెం అర్థమైంది. అట్లని అప్పుడు టెంటులకెల్లి లేచిపోదునా అంటే, పోను.

ఓఎస్_నంబరు_వేయండి
అన్నా, ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

పాత_పుస్తకాలు
పాలమూరు అన్న చెప్పినదానికి ఎదురుగా పౌరహక్కుల లాయరు కన్నబిరాన్ గారిని పెట్టి చూడండి. నక్సలైట్ ఉద్యమం మీద పెట్టిన పార్వతీపురం కుట్ర కేసు, సికింద్రాబాద్ కుట్ర కేసు, ఆ తర్వాత 1977లో ఎన్‌కౌంటర్ల మీద విచారించిన తార్కుండే కమిటీ. ఆయన రాజకీయం కోర్టు బయట ఎంత ఉందో కోర్టు లోపల అంతకన్నా ఎక్కువ ఉంది. బాలగోపాల్ గారు ఇంకో రకం. గణితం పీహెచ్‌డీ, కాకతీయ యూనివర్సిటీలో పాఠాలు చెప్పినాయన. హక్కుల పని చేసీ చేసీ 1998లో లాయరయ్యారు. ముందు నల్లకోటు వేసుకుని తర్వాత రాజకీయంలోకి రాలేదు. ఊళ్ళు తిరిగి నిజనిర్ధారణ చేసిన మనిషికి ఆ నిజాన్ని కోర్టులో నిలబెట్టడానికి కోటు కావాల్సొచ్చింది. 2009 అక్టోబర్ 8న పోయారు, అప్పటికీ ఆయన దగ్గర పేదల ఫైళ్ళే.

అంటే "లాయర్లలో కొందరు రాజకీయంలోకి ఎందుకొస్తారు" అని అడుగుతున్నాం గానీ, రాజకీయంలోంచి లాయర్లు అయినవాళ్ళూ ఉన్నారు. అవమానం రాజకీయంలోకి లాగినవాళ్ళూ ఉన్నారు. 1921లో హైదరాబాద్ వివేకవర్ధని సభలో ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే గేలి చేసి కూర్చోబెట్టారు. నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ళ సంఘం, ఆంధ్ర జనసంఘం, పుట్టింది ఆ అవమానంలోంచే. రోజూ కోర్టులో ఎంత గట్టిగా వాదించినా, తన భాషలో నాలుగు మాటలు అననివ్వకపోతే ఆ మనిషి ఏం చేస్తాడు?

నంద్యాల_జూనియర్
అందరికీ చాలా థాంక్స్. నాలుగు రోజులు ఇవన్నీ చదివాక, నిన్న సాయంత్రం చాంబర్‌లో గుమాస్తా వెళ్ళిపోయాక సార్‌నే అడిగేశాను. గుంటూరు అన్న చెప్పినట్టు బీరువా కూడా చూశాను. ఒక్క బ్యాంకు ఫైలు కూడా లేదు. అన్నీ రైతులవే, ఇరవై ఏళ్ళ నాటి అప్పీళ్ళు కూడా ఉన్నాయి.

సార్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత తన సీనియర్ గురించి చెప్పారు. ఆయన ఊళ్ళో పెద్ద నాయకుడట. ప్రతి ఉద్యమంలో ముందుండేవారట. "ఆయన మైకు పట్టుకున్న ప్రతిరోజూ ఆయన వాయిదాలు నేను చూశాను" అన్నారు. పద్నాలుగేళ్ళు. ఒకరోజు మూడు కోర్టుల్లో ఒకేసారి పిలిస్తే ఒకచోట అందుకోలేకపోయారు, దావా కొట్టేశారు. మళ్ళీ తెరిపించడానికి రెండేళ్ళు పట్టింది. ఈలోగా అవతలివాడు చేనులో బోరు వేసి, గట్టు మీది చింతచెట్టు కొట్టేశాడు. ఆ రైతు వచ్చి ఏమీ అనకుండా, కొట్టేసిన చెట్టు బెరడు ముక్క బల్ల మీద పెట్టి వెళ్ళాడట. సార్ డ్రాయరు తీసి చూపించారు. ఎండి నల్లబడింది, అరచేయంత ఉంది.

"టెంటులో కూర్చునేవాణ్ణి నేను తక్కువ చేయను. ఆ చట్టం పోవాల్సిందే, 2024 జూలైలో రద్దు బిల్లు పాసయ్యాక నేనూ స్వీట్లు పంచాను. కానీ ఆయన టెంటులో ఉన్నప్పుడు ఆయన ఫైలు ఎవరు పట్టుకున్నారో నువ్వు చూశావా?" అన్నారు.

చూడలేదు. ఈరోజు పొద్దున చూశాను. పక్క చాంబర్‌లో ముగ్గురు జూనియర్లు, ఆయన తమ్ముడు కూడా లాయరే. మా సార్‌కు నేనొక్కణ్ణే, అదీ మూడేళ్ళనుంచే. 2024 మొదట్లో నేను ఇంకా ఓపీకీ (అసలు పిటిషను) ఐఏకూ (నడుస్తున్న కేసులో వేసే మధ్యంతర పిటిషను) తేడా తడుముకుంటున్నాను.

గుంటూరు_గుమాస్తా
బీరువా చూడమన్నాను గానీ కుర్చీలు లెక్కపెట్టమని చెప్పడం మర్చిపోయాను. ముప్పై రెండేళ్ళు చాంబర్ తెరిచి మూసినవాణ్ణి, అది నాకే తట్టాలి.

మాజీ_ఏజీపీ
నేను ఎనిమిదేళ్ళు స్టేషన్ల చుట్టూ తిరిగినప్పుడు నా సివిల్ ఫైళ్ళు చూసింది ఒక అమ్మాయి, నా జూనియర్. ఇప్పుడు సొంతంగా ప్రాక్టీసు పెట్టుకుంది. ఈ చర్చ చదివాక ఫోన్ చేశాను. ఏం మాట్లాడాలో తెలియక "ఎలా ఉన్నావమ్మా" అని మాత్రమే అడిగాను.

కోనసీమ_కుర్రాడు
నంద్యాల తమ్ముడూ, ఇంతకీ మళ్ళీ ఏదైనా టెంటు వేస్తే నువ్వేం చేస్తావ్?

నంద్యాల_జూనియర్
అదే అడిగాను సార్‌ను. "నువ్వు పో. నీ వాయిదాలు నేను చూస్తా" అన్నారు. సోమవారం ఒక చెక్ బౌన్స్ కేసులో క్రాస్ ఎగ్జామినేషన్ ఉంది, దానికి మాత్రం నేనే పోవాలన్నారు.